అధికారం లేని మండలి: యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌కి సలహాదారులు ఎందుకు?

మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ మొదలవుతుంది. తెర మీద స్లైడ్లు నడుస్తుంటాయి. ఈ ఏడాది ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, కొత్త ల్యాబ్‌లోకి ఏమేం పరికరాలు వచ్చాయి. డిపార్ట్‌మెంట్ హెడ్ నలభయ్యో స్లైడు దగ్గరికి చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. "ఇక మీ సలహాలు చెప్పండి" అంటారు. ఒకాయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. ఇంకొకరు "పిల్లల కమ్యూనికేషన్ స్కిల్స్ ఇంకా మెరుగుపడాలండీ" అంటారు. అందరూ తలూపుతారు. గ్రూప్ ఫోటో దిగుతారు. మినిట్స్‌లో ఒక్క వాక్యం మిగులుతుంది: "డిపార్ట్‌మెంట్ ప్రగతి పట్ల సభ్యులు హర్షం వ్యక్తం చేశారు."

సలహా మండలి అనగానే చాలామంది అధ్యాపకుల కళ్ల ముందు మెదిలేది ఈ దృశ్యమే. పనులు మానుకుని పది మంది వచ్చారు, రెండున్నర గంటలు కూర్చున్నారు, వెళ్లిపోయారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లని ఎవరూ ఏదీ అడగలేదు.

డిపార్ట్‌మెంట్ సలహా మండలి అంటే మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను మంది బయటివాళ్లు. ఆ రంగంలో పనిచేస్తున్నవాళ్లు, పూర్వ విద్యార్థులు, వేరే యూనివర్సిటీ ప్రొఫెసర్లు, కొన్ని చోట్ల ప్రభుత్వ శాఖల నుంచో స్వచ్ఛంద సంస్థల నుంచో ఒకరిద్దరు. ఏడాదికి ఒకటి రెండు సార్లు కలుస్తారు. ఎక్కువ చోట్ల జీతం ఉండదు, మహా అయితే ప్రయాణ ఖర్చులు ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, వాళ్ల మాటకు కట్టుబడి తీరాలన్న నియమం ఏదీ లేదు.

దీన్ని మిగతా కమిటీలతో కలిపేస్తే గందరగోళమే. పాలకమండలి చేతిలో బడ్జెట్ ఉంటుంది, నియామకాలుంటాయి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉన్న చోట సిలబస్‌కి ఆమోదముద్ర వేసేది అదే. అక్రిడిటేషన్ బృందం వచ్చి తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వొచ్చు, ఆపొచ్చు. బ్రిటిష్ పద్ధతిలో బయటి పరీక్షకులు ఉంటారు. 1832లో మొదలైన డరమ్ యూనివర్సిటీ తన డిగ్రీల స్థాయి మీద నమ్మకం కలగడానికి ఆక్స్‌ఫర్డ్ నుంచి పరీక్షకులను పిలిపించుకున్నప్పటి నుంచీ ఆ అలవాటు నడుస్తోంది. వీళ్లందరికీ ఏదో ఒక సంతకం చేసే హక్కు ఉంది. సలహా మండలికి ఆ హక్కు లేదు. మరి దానికి మిగిలింది ఏమిటి?

మిగిలింది చూపు. పాఠం చెప్పేవాళ్లకు విద్యార్థి డిగ్రీ చేత పట్టుకుని గేటు దాటేవరకే కనిపిస్తాడు. ఆ తర్వాత ఆరు నెలలకు ఆఫీసులో ఎక్కడ తడబడ్డాడు, ఏ పని అతని చేతికిస్తే పక్కవాళ్లు మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది, ఏ విషయంలో మాత్రం సీనియర్లను కూడా ఆశ్చర్యపరిచాడు అన్నవి డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలిసే వీలు లేదు. ప్లేస్‌మెంట్ లెక్కలు ఆ సంగతి చెప్పవు. ఉద్యోగం దొరికిందా లేదా అన్నదే వాటిలో ఉంటుంది. అదొక్కటే తెలిస్తే చాలనుకునే డిపార్ట్‌మెంట్‌కి నిజానికి మండలి అవసరం లేదు, ఒక ఎక్సెల్ షీటు చాలు.

నియమం పుట్టించిన మండళ్లు

ఇలాంటి మండళ్లు ఇంతగా పెరగడానికి పెద్ద కారణం అక్రిడిటేషన్ తీరు మారడం. అమెరికాలో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎబెట్ సంస్థ 1932లో వేరే పేరుతో మొదలైంది. చాలా దశాబ్దాల పాటు ఇలాంటి సంస్థలు చూసిందల్లా ఎన్ని క్రెడిట్ల గణితం, ఎన్ని ల్యాబ్‌లు, ఎంతమంది అధ్యాపకులు అన్న లెక్కలే. 1997లో ఎబెట్ కొత్త ప్రమాణాలు తెచ్చింది. వాటి పేరు ఇంజినీరింగ్ క్రైటీరియా 2000. అప్పటి నుంచి అసలు ప్రశ్న "మీరు ఏం చెప్తున్నారు" నుంచి "విద్యార్థికి ఏం వచ్చింది" వైపు తిరిగింది. కోర్సు లక్ష్యాలను అప్పుడప్పుడూ సమీక్షించుకోవాలి, ఆ సమీక్షలో కోర్సుతో సంబంధమున్న వర్గాలకు చోటుండాలి అన్నది నియమమైంది. ఇంజినీరింగ్ టెక్నాలజీ కోర్సులకైతే ఇంకాస్త నిక్కచ్చిగా చెప్పారు: ఆ విద్యార్థులను పనిలోకి తీసుకునే సంస్థల ప్రతినిధులతో ఒక సలహా కమిటీ ఉండి తీరాలి, అది సిలబస్‌ను చూడాలి. ఆరు దేశాల సంస్థలు 1989లో మొదలుపెట్టిన వాషింగ్టన్ ఒప్పందం ద్వారా ఇంజినీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకోవడం పెరిగింది కాబట్టి ఈ ఫలితాల భాష కూడా చాలా దేశాలకు పాకింది.

నియమం మంచిదే. కానీ నియమం మండలిని పుట్టించగలదు గానీ సంభాషణను పుట్టించలేదు. తనిఖీ బృందం వచ్చే ఏడాది హడావిడిగా మీటింగులు పెట్టడం, హాజరు పట్టికలో సంతకాలు తీసుకోవడం, ఫైలు నింపడం, బృందం వెళ్లిపోగానే మళ్లీ నాలుగైదేళ్లు ఆ ఊసెత్తకపోవడం ఎక్కడైనా కనిపించే సంగతే. కాగితం మీద మండలి బతికే ఉంటుంది.

సంతకాల కోసం కాకుండా నిజంగా చూడటానికే వచ్చే కమిటీలూ ఉన్నాయి. హార్వర్డ్‌లో 1642 నాటి బోర్డ్ ఆఫ్ ఓవర్సీర్స్ అనే పాలకమండలి తరఫున విజిటింగ్ కమిటీలు డిపార్ట్‌మెంట్లకు వెళ్లి చూసి ఓవర్సీర్స్‌కి నివేదిక ఇస్తాయి. ఎంఐటీలోనూ అలాంటివే ఉన్నాయి. అక్కడ సభ్యులు మూడు దారుల్లో వస్తారు: కొందరు పాలకమండలి నుంచి, కొందరు పూర్వ విద్యార్థుల సంఘం సూచనతో, కొందరు ప్రెసిడెంట్ ఎంపికతో. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే ఈ కమిటీని డిపార్ట్‌మెంట్ హెడ్ ఒక్కరే ఎంచుకోలేదు, నివేదిక హెడ్ సొరుగులోకి పోదు. మామూలు సలహా మండలిలో ఈ రెండూ తారుమారు. సభ్యులను పిలిచేది హెడ్, సలహా వినేదీ హెడ్. అందుకే ఆ మండలిలో ఇష్టమైన మాటలే వినిపించే ప్రమాదం ఎక్కువ. తన పాత స్నేహితులతో నింపుకున్న మండలి ముందు ఏ హెడ్‌కీ టెన్షన్ ఉండదు. ఉపయోగమూ ఉండదు.

సలహాను అలాగే తీసుకుంటే

ఇక అసలు పని దగ్గరికి వద్దాం. సలహా దొరకడం కష్టం కాదు. దొరికినదాన్ని అర్థం చేసుకోవడమే కష్టం.

సివిల్ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ మండలిలో ఒక నిర్మాణ సంస్థ మనిషి ఉన్నాడనుకుందాం. "మీ పిల్లలకు డిజైన్ సాఫ్ట్‌వేర్ సరిగా రావట్లేదు, ఆ ప్యాకేజీ మీద ఒక కోర్సు పెట్టండి" అంటాడు. మినిట్స్‌లో అలాగే రాసుకుంటారు. తర్వాతి సెమిస్టర్‌లో ఏదో ఒక థియరీ కోర్సుకు గండి కొట్టి సాఫ్ట్‌వేర్ కోర్సు పెడతారు. రెండేళ్లకు ఆ కంపెనీ వేరే ప్యాకేజీకి మారిపోతుంది.

అదే మనిషిని అక్కడితో వదలకుండా ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే? "రావట్లేదు అంటే ఏం జరిగింది? చివరిసారి ఎప్పుడు ఇబ్బంది పడ్డారు?" అప్పుడు కథ బయటికొస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒక దూలం మోడల్ చేశాడు. పొడవు మీటర్లలో ఇచ్చాడు, అడ్డుకోత కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నవి అలాగే ఎక్కించేశాడు. తెర మీద వంపు విలువ వచ్చింది. అది ఆ దూలం పొడవుకు ఏమాత్రం పొంతన లేని అంకె. కుర్రాడు దాన్ని రిపోర్టులో పెట్టి పంపేశాడు. సాఫ్ట్‌వేర్ అతనికి బాగానే వచ్చు. రానిదల్లా ఆ అంకె చూసి "ఇదేంటి ఇలా ఉంది" అనుకోవడం.

ఇప్పుడు దీనికి మందు సాఫ్ట్‌వేర్ కోర్సు కాదు. కంప్యూటర్ తాకే ముందు ప్రతి లెక్కకీ చేత్తో ఒక ఉజ్జాయింపు వేయించడం, ఆ ఉజ్జాయింపుకీ కంప్యూటర్ జవాబుకీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయించడం. కొత్త కోర్సు అక్కర్లేదు, ఉన్న ల్యాబ్ మాన్యువల్ మారిస్తే సరిపోతుంది. యూనిట్ల పొరపాటు కుర్రాళ్లకే పరిమితం అని కూడా అనుకోనక్కర్లేదు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నది ఒకరు బ్రిటిష్ కొలతల్లో ఇచ్చిన అంకెలను ఇంకొకరు మెట్రిక్ అనుకోవడం వల్లే.

అంటే బయటి సభ్యుడు తెచ్చేది రోగ లక్షణం. మందు రాయాల్సింది అధ్యాపకులు. ఈ గీత చెరిగితే రెండు వైపులా నష్టమే. సభ్యుడు మందు కూడా తనే చెప్పేస్తానంటే అధ్యాపకులకు మండుతుంది, "క్లాసు చెప్పినవాళ్లకు తెలుస్తుంది" అంటారు, అందులో న్యాయం ఉంది. అధ్యాపకులు లక్షణం కూడా వినం అంటే ఇక మండలి దేనికి? సిలబస్, బోధనా పద్ధతి వంటి వాటిలో మొదటి బాధ్యత అధ్యాపకులదే అని అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1966 నాటి ప్రకటనలో స్పష్టంగా చెప్పింది. సలహా మండలి ఆ బాధ్యతను పంచుకోదు. ఆ బాధ్యత మోసేవాళ్లకు కావాల్సిన సమాచారం తెచ్చిస్తుంది.

కాలం లెక్క ఇంకొకటి ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో సిలబస్ మార్పు కమిటీలన్నీ దాటడానికి ఒక ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. మారిన సిలబస్‌తో మొదటి బ్యాచ్ బయటికి రావడానికి ఇంకో నాలుగేళ్లు. ఈ రోజు ఇచ్చిన సలహా ఫలితం కనిపించేది అయిదారేళ్లకు. సలహా ఇచ్చే మేనేజర్‌కి మాత్రం వచ్చే ఆరు నెలల్లో ఖాళీలు నింపుకోవాలి. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నా గడియారాలు వేరు. అందుకే "ఇప్పుడు మార్కెట్‌లో ఏం నడుస్తోంది" అని అడగడం వృథా. "మీ దగ్గర చేరిన కొత్తవాళ్లు పదేళ్ల కిందట చేసిన తప్పుల్లో ఇప్పటికీ చేస్తున్నవి ఏమిటి" అని అడిగితే అయిదారేళ్ల తర్వాత కూడా పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

ఎవరిని కూర్చోబెట్టాలి

పెద్ద పేర్ల మీద మోజు మొదటి పొరపాటు. సంస్థ అధినేత పేరు లెటర్‌హెడ్ మీద బాగుంటుంది, మనిషి మీటింగ్‌కి రాడు, వచ్చినా కొత్తగా చేరినవాళ్లతో అతనికి పని పడదు. నియామకాలు చూసే హెచ్‌ఆర్ మనిషికి ఇంటర్వ్యూ వరకే తెలుసు. పక్క సీట్లో కూర్చుని కొత్తవాడి పని సరిచూసే టీమ్ లీడ్‌కి అంతా తెలుసు. అతన్ని పిలవడం ఎవరికీ తోచదు.

పూర్వ విద్యార్థుల్లో ముప్పై ఏళ్ల కిందట చదివినవాళ్లు ప్రేమగా వస్తారు, కానీ వాళ్ల మనసులో ఉన్నది ఆనాటి డిపార్ట్‌మెంట్. "మా రోజుల్లో ఆ సార్ ఎంత బాగా చెప్పేవారో" దగ్గరే ఆగిపోతారు. నాలుగైదేళ్ల కిందట బయటికి వెళ్లినవాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. ఏ కోర్సులో ఏం నేర్చుకున్నారో ఇంకా గుర్తుంది, అందులో ఏది వాడుతున్నారో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థులను తీసుకోని సంస్థ నుంచి ఒకరిని పిలవడం కూడా మంచి ఉపాయం. "మా వాళ్లను ఎందుకు తీసుకోరు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది వాళ్లే.

ఇదంతా ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ లాంటి చోట్లే చెల్లుతుందని ఒక అపోహ ఉంది. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం డిపార్ట్‌మెంట్లకు "ఇండస్ట్రీ" ఏది అని అడుగుతారు. నిజానికి మండలి అవసరం వాటికే ఎక్కువేమో. చరిత్ర చదివినవాళ్లు పురావస్తు భాండాగారాల్లో, మ్యూజియాల్లో, పత్రికల్లో, బడుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో తేలుతారు. వాళ్లంతా ఎక్కడికి పోతున్నారో డిపార్ట్‌మెంట్‌కే సరిగా తెలియదు కాబట్టి రెండో ఏడు విద్యార్థి వచ్చి "ఇది చదివి ఏం చేయాలి సార్" అంటే లెక్చరర్ దగ్గర నమ్మకంగా చెప్పే మాట ఉండదు. మండలిలో ఒక మ్యూజియం క్యూరేటర్, ఒక ఎడిటర్ ఉంటే ఆ ప్రశ్నకు ముఖం ఉన్న జవాబు దొరుకుతుంది. పాత దస్తావేజు చదివి దాని సారాంశం ఒక పేజీలో రాయడం వస్తే చాలు, మిగతాది మేం నేర్పుకుంటాం అని ఆ ఎడిటర్ అంటే, ఆ ఒక్క మాటతో సెమినార్ పేపర్ల తీరే మారొచ్చు.

డబ్బు సంగతి దాటవేయడం కుదరదు. చాలా చోట్ల మండలి సభ్యుల నుంచి విరాళాలు ఆశిస్తారు, కొన్ని చోట్ల సభ్యత్వానికే అదొక షరతు. విరాళం ఇచ్చిన మనిషి మాట కాదనడం కష్టం. తన కంపెనీ పరికరాన్నే ల్యాబ్‌లోకి తోయాలని చూసే సభ్యుడూ ఉంటాడు, తన రంగానికి దగ్గరైన పరిశోధనకే పెద్దపీట వేయమనేవాడూ ఉంటాడు. దానికి విరుగుడు పెద్ద సిద్ధాంతమేమీ కాదు. నిధులు సేకరించే బృందం వేరు, సలహా మండలి వేరు అని ముందే విడదీయడం, తన సంస్థకు లాభనష్టాలున్న అంశం చర్చకొచ్చినప్పుడు ఆ సభ్యుడు ఆ సంగతి చెప్పి పక్కకు తప్పుకోవడం. ఇది రాతలో ఉంటే ఎవరికీ మొహమాటం ఉండదు.

ఆ రెండున్నర గంటలు

మొదట్లో చెప్పుకున్న మీటింగ్‌నే ఇంకోలా జరపొచ్చు. స్లైడ్లలో ఉండే అంకెలన్నీ పదిహేను రోజుల ముందే కాగితాల మీద పంపేయాలి. మీటింగ్‌లో అవి మళ్లీ చదవకూడదు. బల్ల మీద మూడు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్టులు పెట్టాలి: ఒకటి క్లాసులో అన్నిటికన్నా మంచిది, ఒకటి మధ్యరకం, ఒకటి బొటాబొటిగా పాసైంది. పేర్లు తీసేసి. సభ్యులు అరగంట చదువుతారు. ఆ అరగంట హెడ్ మాట్లాడకుండా కూర్చోవాలి. ఇది కనిపించేంత తేలిక కాదు, సభ్యుడు పేజీ తిప్పి నొసలు ముడేస్తే వివరణ ఇవ్వాలని నాలుక దురదపెడుతుంది.

తర్వాత అడిగే ప్రశ్న ఒక్కటే. "ఈ మధ్య రిపోర్టు రాసినవాడు రేపు మీ దగ్గర చేరితే ఏ పని ఇవ్వడానికి వెనకాడతారు?" మధ్య రిపోర్టు ఎందుకంటే క్లాసులో ఎక్కువమంది ఉండేది అక్కడే. మంచి రిపోర్టు చూసి అందరూ మెచ్చుకుంటారు, దానివల్ల డిపార్ట్‌మెంట్‌కి తెలిసేది తక్కువ. ఈ ప్రశ్నకు "కమ్యూనికేషన్ స్కిల్స్" అన్న జవాబు రాదు. "పన్నెండో పేజీలో గ్రాఫ్ పెట్టాడు, అక్షాల మీద యూనిట్లు లేవు, కింద దాని గురించి ఒక్క మాటా లేదు, అసలు ఎందుకు పెట్టాడో అతనికే తెలిసినట్టు లేదు" లాంటి జవాబు వస్తుంది. దాంతో ఏదైనా చేయొచ్చు.

ఇంకో అరగంట అధ్యాపకులు ఎవరూ లేకుండా సభ్యులు విద్యార్థులతో మాట్లాడాలి. దీనికి చాలా డిపార్ట్‌మెంట్లు జంకుతాయి. ఎవడేం చెప్తాడో అని భయం. చెప్పేవి మాత్రం ఎక్కువగా చిన్న విషయాలే: రెండు కోర్సుల్లో ఒకే పాఠం రెండుసార్లు చెప్తున్నారు, ల్యాబ్ సాయంత్రం అయిదుకే మూసేస్తున్నారు, ఫలానా ఎలక్టివ్ పేరు జాబితాలో ఉంది గానీ మూడేళ్లుగా ఎవరూ చెప్పడం లేదు. ఫలానా అధ్యాపకుడి మీద ఫిర్యాదు వస్తే మాత్రం మండలి తీర్పు చెప్పకూడదు. ఒక వైపు మాటే విన్నారు, రెండో వైపు వినే ఏర్పాటు వాళ్లకు లేదు. దానికి వేరే దారులున్నాయని చెప్పి అక్కడితో ఆపాలి.

మండలి మాట డిపార్ట్‌మెంట్‌కే కాదు, పైవాళ్లకూ పనికొస్తుంది. ల్యాబ్‌కి స్థలం చాలడం లేదని హెడ్ డీన్‌కి పదిసార్లు రాసినా కదలని ఫైలు బయటివాళ్లు రాసిన ఒక ఉత్తరంతో కదలడం మామూలే. ఇంట్లోవాళ్ల మాట కన్నా పొరుగువాళ్ల మాటకు బరువెక్కువ. ఇదే ఆయుధాన్ని హెడ్ తన సహోద్యోగుల మీదికి తిప్పితే మాత్రం వికటిస్తుంది. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నెగ్గని ప్రతిపాదనను మండలి నోట పలికించి తెస్తే అధ్యాపకులకు అర్థం కాకుండా పోదు. ఆ తర్వాత మండలి ఏం చెప్పినా అనుమానంగానే వింటారు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది మీటింగ్ తర్వాతి పని. కిందటిసారి మీరు చెప్పినవి ఇవి, వీటిలో చేసినవి ఇవి, చేయనివి ఇవి, ఎందుకు చేయలేదంటే ఇది అని ఒక పేజీ. చేయలేదని చెప్పడానికి చాలామంది సిగ్గుపడి అసలు ఆ పేజీయే రాయరు. సభ్యులకు కోపం వచ్చేది కాదన్నందుకు కాదు, చెప్పిన మాట ఏమైందో తెలియనందుకు. "మీరు చెప్పిన కోర్సు పెట్టలేదు, ఎందుకంటే దానికోసం సంభావ్యత పాఠం తీసేయాల్సి వచ్చేది, అది తీస్తే తర్వాతి రెండు కోర్సులు కూలిపోతాయి" అని రాస్తే ఆ సభ్యుడు తర్వాతిసారి ఇంకాస్త ఆలోచించి వస్తాడు. జవాబే లేకపోతే మూడో మీటింగ్‌కి రాడు. కబురు కూడా పంపడు, కుర్చీ ఖాళీగా ఉంటుంది అంతే.

ఖాళీ కుర్చీల సంగతి ముందే చూసుకోవచ్చు. పదవీకాలం మూడేళ్లని పెట్టి, ప్రతి ఏడాదీ మూడోవంతు మంది మారేలా చూస్తే పాత జ్ఞాపకం పోదు, కొత్త కళ్లు వస్తుంటాయి. గడువు లేని మండలిలో సభ్యులు పదేళ్లకు డిపార్ట్‌మెంట్ మనుషులైపోతారు. లోపాలు వాళ్లకీ కనిపించడం మానేస్తాయి. వెళ్లిపోయే సభ్యులకు శాలువా కప్పే ముందు ఒక్క పావుగంట కేటాయించి, ఈ మూడేళ్లలో చెప్పాలనుకుని ఊరుకున్నది ఏమైనా ఉందా అని అడగొచ్చు. ఇక మళ్లీ పిలుపు రాదని తెలుసు కాబట్టి మొహమాటం తగ్గుతుంది. అప్పుడు బయటికొచ్చేవి చాలావరకు మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లలో వాళ్లు అనుకున్నవే, ఏ మినిట్స్‌కీ ఎక్కనివే.